వ్యాజ్యపు ఖర్చు లెవరు భరింపవలయును?

ఓడినవాడు కోర్టులో నేడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెనని మనవారి సామెత. గెలిచినవాని యేడ్పునకు హేతువు ఖర్చే. కోర్టు రుసుము, వకీలు ఫీజు, సాక్షుల బత్తెము, నకళ్ల వెల, వాయిదాలకు దారిఖర్చులు - ఇవి పెక్కిండ్ల ఇల్లాలి నగ తాకట్టుతోనే తీరుచుండును. కావున నీ విషయము సోదరీమణులు విచారింపదగినది.

బాకీ లేదని బొంకి యోడినవాడు వాదికి ధన మిచ్చుటయేగాక యంత ధనమును రాజునకు గూడ చెల్లింపవలెననియు, అబద్ధపు టభియోగము తెచ్చినవాడు రెట్టింపు చెల్లింపవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. పూర్వులు ఓటమిని గాక బొంకును దండించిరని మేము గ్రహించుచున్నాము.

నేడు ఇంగ్లండున ఓడినవారు గెలిచినవారి ఖర్చుల నిచ్చుట సామాన్యనియమము. అమెరికాలో సాధారణముగా నెవరి ఖర్చు వారిదే. మన దేశమున 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 35వ సెక్షను ఈ నిర్ణయమును న్యాయాధిపతి విచక్షణకు విడిచినది; గెలిచినవారికి ఖర్చు లిప్పింపనిచో కారణము వ్రాయవలెను. కాని డిక్రీలో బడు మొత్తము నిజమైన ఖర్చుకంటె సాధారణముగా మిక్కిలి తక్కువ. తెలిసి తెచ్చిన యబద్ధపు దావాకు 35-ఎ సెక్షను క్రింద నిప్పించు పరిహారము సామాన్యపు దావాలలో 3,000 రూపాయలు మించరాదు. ఖర్చులు వాస్తవముగను సబబుగను నైనవై యుండవలెనని 2005లో సేలం అడ్వకేటు బారు అసోసియేషను కేసున సుప్రీంకోర్టు చెప్పినది.

ఓడినవారే యంతయు నీయవలెనన్నచో న్యాయముగనే తోచును. కాని పుట్టింటి యాస్తిలో భాగ మడుగదలచిన యాడుబిడ్డను దలపుడు. 2005వ సంవత్సరపు సవరణచే నామెకు గుమారునితో సమానభాగము గలదు. అయినను ఓడినచో అన్నదమ్ముల వకీలు ఫీజు గూడ తనపై బడునని వెరచి యామె యూరకుండును. ఎవరి ఖర్చు వారిదే యన్నచో, ధనముగల యన్న వాయిదాలతో నామెను విసిగించి యోడించును.

కావున మా యభిప్రాయ మిది. బొంకినవారును, కాలయాపన చేసినవారును ఎదుటివారి నిజమైన ఖర్చు నంతయు నీయవలెను. నిజమైన సందేహముతో వచ్చి యోడినవారు తమ ఖర్చు మాత్రము భరించిన జాలును.

అయితే తీర్పునాటి యుత్తరువు దావానాటి చేతిలేమిని దీర్పజాలదు. అందులకు వేఱు సాయము గలదు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను క్రింద, ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలు ఉచితముగా వకీలును బొందవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలెను. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 24వ సెక్షను ప్రకారము, చాలినంత స్వంతాదాయము లేని భార్య వ్యాజ్యము నడచుచుండగనే భర్తనుండి ఖర్చు లిప్పింపుమని కోరవచ్చును. అట్టి భర్తకును ఆ హక్కు గలదు. కోర్టులోని దావా లోక్ అదాలతులో రాజీపడినచో, చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును.

దావాకు దిగుటకు ముందు రెండు లెక్కలు వ్రాసికొనుట మంచిది: రాదగిన దెంత, పోదగిన దెంత. రెండవది పెద్దదైనచో రాజీ మేలు. మొదటిది మన న్యాయమైన హక్కైనచో ఖర్చునకు వెరచి దానిని విడువరాదు.