మూలుగ మార్పిడి జరిగిన పిమ్మట

రక్త క్యాన్సరు వంటి కొన్ని జబ్బులకు ఎముకలలోని మూలుగను మార్చు చికిత్స నేడు కలదు. మన కడప, కర్నూలు జిల్లాలవారికి చిరపరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1986 నుండియు దీనిని చేయుచున్నారు. రోగి యిల్లు చేరిన దినమున చూడవచ్చిన బంధువులతో వాకిలి నిండును. "కణములు పెరిగినవట, ఇక భయము లేదట" యని చెప్పుకొందురు. ఆ మాటలో సగమే నిజము. తక్కిన సగమును మీకు మనవి చేయదలచితిని.

మొదట తీవ్రమైన మందులతో, కొందరికి కిరణములతో గూడ, చెడిన మూలుగను నశింపజేయుదురు. పిమ్మట దాతనుండి గ్రహించిన మూలకణములను, రక్తము నెక్కించినట్లే, నరములోని కెక్కింతురు. అవి తమంతట ఎముకలలోనికి జేరి క్రొత్త రక్తమును బుట్టించును. ఈ మార్గమును సాధించిన అమెరికా వైద్యుడు డొన్నాల్ థామస్ 1990లో నోబెల్ బహుమానము నందెను.

మన మెట్టచేలలో కొఱ్ఱను, కందిని ఒకే దినమున విత్తుదుము. కొఱ్ఱ మూడు మాసములకు కోతకు వచ్చును. కంది యప్పటికి పూతయైనను పట్టదు. శరీరమును గాచు కణములు నట్టివే. సూక్ష్మజీవులను మ్రింగు తెల్లకణములు రెండు మొదలు నాలుగు వారములలో తిరిగివచ్చును. ఆసుపత్రిలో "పెరిగినవి" యనునది ముఖ్యముగా వీనినే. వైరసు సోకిన కణములను గుర్తించి చంపు 'టీ' కణముల సంగతి వేఱు. అవి ఱొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందవలెను. ఆ గ్రంథి బాల్యమున పెద్దదిగానుండి వయసుతో కృశించును. కావున పిల్లలు త్వరగా కోలుకొందురు. పెద్దలకు ఏడాదియు, ఒక్కొక్కప్పుడు రెండేండ్లును పట్టును. చిన్ననాటి టీకాల జ్ఞాపకము సయితము చెరగిపోవుటచే, పసిబిడ్డకువలె వానిని మరల వేయింపవలసి యుండును. తట్టు టీకావంటి సజీవమైనవి సాధారణముగా రెండేండ్లు నిండక వేయరు.

మఱియొక చిక్కు గలదు. దాత కణములు రోగి శరీరమునే పరాయిదని యెంచి దానిపై దాడి చేయవచ్చును. దానిని నివారించు మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో నిది తయారైనదని వినుట మనకు సంతోషమే. కాని యిట్టి మందులు వాడినన్నాళ్లును రక్షణశక్తి అణగియే యుండును.

పెండ్లికి రాకున్న నోర్తురు గాని, రోగిని చూడరాకున్న నోర్వని యూళ్లు మనవి. ఇచ్చట పెద్దల మాటయే పని చేయవలెను. జలుబు, దగ్గు ఉన్నవారిని గడపయొద్దనే ఆపుడు. తిరునాళ్ల గుంపులోనికి రోగిని తీసికొనిపోవలదు. కళ్లపు దుమ్మునందు, పాత గడ్డివామియందు, బూజుపట్టిన వేరుసెనగకాయలయందు ఊపిరితిత్తులను పట్టు బూజు విత్తనములుండును. వాని దరి కాతనిని పోనీయకుడు. జ్వరము తగిలినచో తెల్లవారనిమ్మని ఆగవలదు. ఆ రాత్రియే బండి కట్టించి దగ్గరి పెద్దాసుపత్రికి జేర్చి, మూలుగ మార్చిన వైద్యులకు కబురంపుడు.