రంగు లోపలికి దిగిందా, పైనే నిలిచిందా?

పెడన కలంకారీ బట్ట చేతికొస్తే ముందు తిరగేసి చూడండి. కరక్కాయ నీళ్లలో నాని, పటిక అద్దకం పడి, రంగు నీళ్లలో ఉడికిన గుడ్డకు వెనకవైపు కూడా రంగు కనిపిస్తుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలుపోగును, ఇంకో చేత్తో రంగును పట్టుకొని రెంటినీ విడిపోనివ్వదు. అదే డిజైన్‌ను పిగ్మెంట్ ఇంకుతో స్క్రీన్ మీద కొట్టిస్తే రంగు చాలావరకు పైనే ఉండిపోతుంది, వెనక వెలవెలబోతుంది. తక్కువ ధరలో దొరికే జపాన్ స్క్రీన్‌ప్రింట్లు, నీటిరంగుల అసలు బొమ్మలు కొనుక్కుందామనుకునేవాళ్లకు కూడా మొదటి పాఠం ఇదే. కాకపోతే కాగితాన్ని తిప్పి చూస్తే చాలదు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి జేబులో ఉండాలి.

నీటిరంగు అంటే రంగుపొడి, తుమ్మజాతి చెట్టు బంక, నీళ్లు. కాగితం మీద పెట్టిన తడి మొదట అంచున ఆరుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీళ్లు అంచువైపు పారుతూ రంగు రేణువుల్ని మోసుకెళ్తాయి. అందుకే ఆరిన మరకకు చుట్టూ ముదురు గీత పడుతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఉంగరంలా ఆరడానికి కారణం కూడా ఇదేనని 1997లో చికాగో శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో వివరించారు. గరుకు కాగితం మీదైతే రంగు పల్లాల్లో గుమిగూడి మిట్టల మీద పలచబడుతుంది. దాని కింద ఎక్కడో పెన్సిల్ గీత కూడా తొంగిచూడొచ్చు. ఇవేవీ లేకుండా నాలుగు రంగుల చుక్కలు బారులు తీరి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ పోస్టరు. సన్నటి తుంపరలా చుక్కలు చెదిరి ఉంటే ఇంక్‌జెట్ నకలు. అమ్మే మనిషి ఒరిజినలే అని ఒట్టేసినా సరే.

స్క్రీన్‌ప్రింట్ తీరు వేరు. చట్రానికి బిగించిన సన్నని జాలీ గుండా రబ్బరు పలకతో ఇంకును నెడతారు, ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. టార్చి లైటును పక్కనుంచి వేస్తే ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కిన చోట చిన్న మెట్టు కనిపిస్తుంది. విజయవాడలో శుభలేఖలు కొట్టించినవాళ్లకు ఈ పని కొత్త కాదు. దీని పూర్వీకుల్లో జపాన్ కటగామి ఒకటి. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితాలను పెర్సిమన్ కాయల రసంతో పొరలుగా అంటించి, అందులో డిజైను కోసి, బట్టలకు రంగులద్దేవారు. తెగిపోయేంత సన్నటి ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడానికి పట్టుదారాలు వాడేవారు. ప్రింటు అడుగున పెన్సిల్‌తో 12/100 అని ఉంటే వంద ప్రతుల్లో పన్నెండోది అని అర్థం. ఒకే బొమ్మకు అన్ని ప్రతులుంటాయి కాబట్టే ధర మనకు అందుబాటులోకి వస్తుంది.

ఇక బందరు (మచిలీపట్నం) నీటిరంగుల సంగతి. 1903లో యొకోయామా తైకాన్, హిషిదా షున్‌సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల పనితీరు చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ‘వాష్’ పద్ధతిని తయారుచేసుకున్నారు. రంగు వేసి ఆరనిచ్చి, కాగితం మొత్తాన్నీ నీళ్లలో ముంచుతారు. పట్టు దొరకని రేణువులు తేలిపోతాయి, నారలో ఇరుక్కున్నవి మిగులుతాయి. మళ్లీ రంగు, మళ్లీ నీళ్లు. ఆ బెంగాల్ పద్ధతిని ప్రమోద్ కుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. (జపాన్ భాష నేర్చి ‘జపాన్ వెంకయ్య’ అనిపించుకున్న పింగళి వెంకయ్య పాఠాలు చెప్పిందీ ఆ కళాశాలలోనే. బందరుకు జపాన్ మరీ అంత దూరమేం కాదు!) ఇక్కడే కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పదే పదే తడిసిన వాష్ బొమ్మలో ఇందాక చెప్పిన అంచు గీత కరిగిపోతుంది. గీత లేదు కాబట్టి నకలేనని తోసేస్తే, ఆ తరం చేతిపనిని కాలదన్నుకున్నట్టే. అక్కడ చూడాల్సింది, రంగు నారల సందుల్లోకి దిగి పొగలా పరుచుకుందా అని.

కొనడం తేలిక, కృష్ణా డెల్టాలో కాపాడుకోవడమే కష్టం. 1888లో ఇంగ్లండులో రస్సెల్, ఆబ్నీ నీటిరంగుల మీద వెలుగు ప్రభావాన్ని పరీక్షించారు. తడి, గాలి రెండూ లేనిచోట చాలా రంగులు దాదాపు చెక్కుచెదరలేదు. తేమ తోడైతేనే వెలుగు గట్టిగా దెబ్బతీస్తుందన్నమాట. సముద్రపు గాలి, పొలాల తడి, వానాకాలం చెమ్మ ఉన్న మన ఇళ్లలో ఈ మాటకు ఎంత బరువుందో చెప్పనక్కర్లేదు. మ్యూజియాలు నీటిరంగుల మీద వెలుగును 50 లక్స్ దగ్గరే ఉంచాలని చూస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. కాబట్టి కిటికీకి ఎదురుగోడ వద్దు, స్నానాల గది గోడ అసలే వద్దు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు మొలుస్తుంది, గోధుమరంగు మచ్చలు పడతాయి, గంజిపిండి జిగురు కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి.

ఫ్రేముల షాపులో రెండు మూడు మాటలు గట్టిగా చెప్పాలి. బొమ్మ వెనక పాత న్యూస్‌పేపరు, ప్లైవుడ్ పెట్టొద్దనండి. వాటి నుంచి వచ్చే ఆమ్లాలు ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పసుపు చేసి పెళుసుబారుస్తాయి. ఆమ్లం లేని మౌంటుబోర్డు అడగండి, దొరక్కపోతే తెప్పించమనండి. నాలుగు అంచులూ అంటించనివ్వొద్దు. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దానికి కదిలే చోటు లేకపోతే అలలు లేస్తుంది. పైన రెండుచోట్ల సన్నని జపాన్ కాగితం ముక్కలతో వేలాడదీస్తే చాలు. సెల్లోటేపు మాట ఎత్తనివ్వొద్దు. స్క్రీన్‌ప్రింట్‌కైతే అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ తప్పనిసరి. పైన నిలిచిన ఇంకు చెమ్మకు మెత్తబడి అద్దానికి అతుక్కుందంటే, ఊడదీసేటప్పుడు రంగు అద్దంతోపాటే వస్తుంది. ఇదంతా చేయిస్తే ఫ్రేము ఖర్చు ఒక్కోసారి బొమ్మ ధరను మించిపోతుంది. అలాంటప్పుడు బేరం ఆడాల్సింది బొమ్మ దగ్గర, ఫ్రేము దగ్గర కాదు.