బ్రతికిన పంది విత్తనమునకు పనికివచ్చునా?

మౌలాలి గుట్ట దాపున పందులను పెంచెడి సభ్యుడొకరు ఇటీవల మమ్ము కలిసికొని యొక సంగతి యడిగిరి. ఆయన దొడ్డిలో జ్వరము ప్రవేశించి, పందులలో చాలభాగము చచ్చినవి. మూడు మాత్రము మిగిలినవి, అందొకటి మగది. దానిని విత్తనమునకుంచినచో పుట్టెడి పిల్లలకిక జబ్బు రాదు గదా యని ఆయన యాశ. అంతేకాదు, పొరుగూరి వారొకరు దానికి మంచి వెల యిచ్చెదమని యప్పుడే కబురంపిరట.

ఈ ఆశ న్యాయమైనదే. తెగులుకు నిలిచిన వరివెన్నులను ఏఱి విత్తనము గట్టుట మనకు తెలియని పని కాదు. కాని పంది విషయమున కొంత నిదానింపవలెను. జబ్బు వచ్చిన దొడ్డిలో బ్రతికిన పందికి అసలు వైరసు తగిలియే యుండకపోవచ్చును. తగిలినను, మునుపు వేసిన టీకా కాపాడి యుండవచ్చును. చిన్నపిల్ల యైనచో తల్లి జున్నుపాల బలము కాపాడి యుండవచ్చును. లేదా పుట్టుకతో వచ్చిన గుణము చేతనే నిలిచి యుండవచ్చును. ఈ కడపటిదొక్కటియే వంశమున దిగును. కంటికి మాత్రము అన్నియు నొక్కతీరుననే కనబడును.

మఱియొక చిక్కు కలదు. జబ్బు తాకకుండుట వేఱు, తాకినను ఓర్చుకొనుట వేఱు. ఆఫ్రికాలోని వార్ట్‌హాగు అను అడవిపంది ఆఫ్రికన్ స్వైన్ ఫీవరు వైరసును దేహమున మోయుచు తాను సుఖముగా తిరుగును. అదే వైరసు పెంపుడు పందిని కొలది దినములలో చంపును. 1921లో కెన్యా నుండి మొదట వర్ణింపబడిన ఆ జాడ్యము 2020లో అస్సాము, అరుణాచల ప్రదేశములందు బయల్పడి మన దేశమున అడుగుపెట్టినది. ఎన్నికచేత దానికి లొంగని పెంపుడు జాతిని సాధించినవారు ఇంతవరకు లేరు. ఇక మనము చిరకాలముగా నెఱిగిన స్వైన్ ఫీవరు వేఱు వైరసు. అది చూలు పందికి తగిలినచో కడుపులోని పిల్లలకును అంటును. అట్టి పిల్లలు కొన్ని పైకి బాగుగనే పుట్టి, కొంతకాలము వైరసును వెదజల్లి, పిదప చచ్చును.

అయినచో ఎన్నిక వట్టి మాటయా? కాదు. చూలు పోవుట, పిల్లలకు ఊపిరి జబ్బు కలుగుట లక్షణముగా గల పి.ఆర్.ఆర్.ఎస్. అను వ్యాధి 2013లో మిజోరమున కనబడినది. అమెరికాలో పరిశోధకులు పిల్లలకు ఆ వైరసునే ఎక్కించి, రక్తమున వైరసెంత, పెరిగిన బరువెంత అని కొలిచి చూచిరి. నాల్గవ క్రోమోసోమునందలి యొక భాగము ఒక రూపమున నున్న పిల్లలకు వైరసు తక్కువ, పెరుగుదల ఎక్కువ యని 2012లో ప్రకటించిరి. వారు ఊహించలేదు, తూచిరి. ఇదియే మనము గ్రహింపవలసిన సంగతి. వైరసు కణములోనికి చొరబడు ద్వారమునే జన్యువులో సవరించిన పందులకు ఆ దేశమున 2025లో అనుమతి దొరకినది గాని, అది మన దొడ్లకు దూరపు మాట.

మనకు దగ్గఱ నున్నది తిరుపతి. అచ్చటి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారు లార్జి వైటు యార్కుషైరు రక్తము ముప్పాతిక, నాటు రక్తము పాతిక కలిపి టి-17 అను రకమును తయారుచేసిరి. నాటుపంది ఎండకు, మోటు మేతకు ఓర్చును. కాని నాటుది గదా యని స్వైన్ ఫీవరు టీకా మానిన దొడ్లు ఖాళీయగుట మేము కన్నులార చూచితిమి.

మూడు పందుల లెక్క ఎవరికిని ఏమియు తెలుపదు. ఇచ్చటనే సంఘము అక్కఱకు వచ్చును. పదిమంది సభ్యులు ప్రతి ఈతకు తల్లి, తండ్రి, పుట్టినవెన్ని, పాలు విడుచునాటికి మిగిలినవెన్ని, వాని బరువెంత, ఏ జబ్బు వచ్చినది, టీకా ఎన్నడు వేసిరి అని వ్రాసియుంచి, ఒకే కాలమున, ఒకే తీరు మేతపై పెరిగిన వేర్వేఱు మగపందుల పిల్లలను పోల్చి చూచినచో ఏ తండ్రి పిల్లలు గట్టివో రెండు మూడేండ్లలో తేలును. అంతవరకు టీకాయే దిక్కు. ఆఫ్రికన్ జ్వరమునకు మన దేశమున ఆ దిక్కును లేదు గనుక, సికింద్రాబాదు హోటళ్ళనుండి తెచ్చు ఎంగిలికూటిని అరగంట తెర్లకాచిగాని పెట్టరాదు. క్రొత్తగా కొన్న పందిని వెంటనే మందలో కలుపరాదు. కట్టెల ఖర్చని కొందఱు సణుగుదురు. చచ్చిన మందకయ్యెడి ఖర్చును వారు లెక్కింపరు కాబోలు.

మిగిలిన మూడును ఒక్క తల్లి పిల్లలేయని సభ్యుడు చెప్పిరి. అన్నను చెల్లెండ్రతో దాటించినచో పిల్లలు నీరసించునని చెప్పి, పశువైద్యునిచేత నెత్తురు పరీక్ష జరుగువఱకు మూడింటిని వేఱుగా కట్టుమంటిమి, పొరుగూరికి అమ్మవలదంటిమి. వెల పోవునని ఆయన కొంతసేపు నొచ్చుకొనిరి. మఱునాడు పశువైద్యుని వెంటబెట్టుకొని వచ్చిరి.