బ్లడ్ గ్రూపును బట్టి కొవిడ్ ముదురుతుందా?

‘‘మాది ఓ పాజిటివ్ అండి. మమ్మల్ని కరోనా ఏమీ చెయ్యదంట కదండీ?’’ 2020 వేసవి నుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. ‘ఏ’ గ్రూపు వాళ్లది ఇంకో బాధ. జబ్బు వచ్చిందన్న దిగులు కన్నా తమ గ్రూపు ‘ఏ’ అన్న దిగులే ఎక్కువ. రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైంది మన ఉమ్మడి తూర్పుగోదావరిలోనే. పిఠాపురంలో ఈ చర్చ జరగని ఇల్లు ఉండకపోవచ్చు. ఇప్పటికీ దగ్గు, జ్వరాలు పెరిగితే చాలు, ఓపీలో ఎవరో ఒకరు అడుగుతారు.

ఈ మాట ఉత్త పుకారేమీ కాదు. 2020 మార్చిలో చైనాలోని వుహాన్, షెన్‌జెన్ ఆస్పత్రుల్లో 2,173 మంది రోగులను పరిశీలించినప్పుడు వాళ్లలో ‘ఏ’ గ్రూపు వారు కాస్త ఎక్కువగా, ‘ఓ’ గ్రూపు వారు తక్కువగా కనిపించారు. జూన్‌లో ఇటలీ, స్పెయిన్ రోగుల జన్యువులపై ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో అధ్యయనం వచ్చింది. ఊపిరి అందని స్థితికి చేరే ముప్పు ‘ఏ’ గ్రూపు వారికి 45 శాతం ఎక్కువ, ‘ఓ’ వారికి 35 శాతం తక్కువ అన్నది దాని సారాంశం. వాట్సాప్‌కి ఇంతకన్నా ఏం కావాలి!

45 శాతం ఎక్కువంటే నూటికి 45 మందికి ప్రమాదమని కాదు. ఒక వయసు వారిలో నూటికి ఇద్దరికి జబ్బు ముదురుతుందనుకుందాం. 45 శాతం పెరిగితే ఆ ఇద్దరు దాదాపు ముగ్గురవుతారు. మిగతా 97 మంది మామూలుగానే కోలుకుంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రోగులను ఎవరితో పోల్చారన్నది చూడాలి. ఇటలీ, స్పెయిన్ అధ్యయనంలో పోలికకు తీసుకున్న ఆరోగ్యవంతుల్లో రక్తదాతలు ఎక్కువ. అత్యవసరంలో ఓ నెగెటివ్ ఎవరికైనా ఎక్కించవచ్చు కాబట్టి బ్లడ్ బ్యాంకులు ‘ఓ’ గ్రూపు వారినే ముందుగా పిలుస్తుంటాయి. దాతల్లో ‘ఓ’ వారు సహజంగానే ఎక్కువుంటే, వాళ్ల పక్కన పెట్టి చూసినప్పుడు రోగుల్లో ‘ఓ’ వారు తక్కువగా కనిపించరూ? అప్పట్లోనే ఈ విమర్శ వచ్చింది.

తర్వాత అమెరికాలో లక్షా ఏడు వేల మందికి పైగా పరీక్ష ఫలితాలు చూసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో బ్లడ్ గ్రూపుకూ, జబ్బు సోకడానికీ, తీవ్రతకూ సంబంధం కనిపించలేదు. అనేక దేశాల జన్యు సమాచారాన్ని కలిపి చూసినప్పుడు మాత్రం గ్రూపు ప్రభావం కొద్దిగా ఉందని తేలింది. అదీ ప్రధానంగా వైరస్ సోకడంలోనే, సోకాక ముదరడంలో కాదు. మన దేశంలో సీఎస్ఐఆర్ తన ప్రయోగశాలల సిబ్బంది, వారి కుటుంబ సభ్యుల్లో పది వేల మందికి పైగా యాంటీబాడీలు పరీక్షించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఈ సీఎస్ఐఆర్‌లోదే. అక్కడా ‘ఓ’ వారిలో యాంటీబాడీలు తక్కువ మందికి కనిపించాయి. యాంటీబాడీ ఉంటే వైరస్ వచ్చి వెళ్లిందనే అర్థం. ఎంత తీవ్రంగా వచ్చిందో అది చెప్పదు.

పైగా యూరప్‌లో ‘ఏ’ గ్రూపు చాలా ఎక్కువ, మన దగ్గర ‘ఓ’, ‘బి’ ఎక్కువ. అక్కడి లెక్క ఇక్కడ సరిపోతుందన్న భరోసా లేదు. ఆ ఇటలీ, స్పెయిన్ అధ్యయనంలోనే మూడో క్రోమోజోమ్ మీద ఇంకో ముప్పు గుర్తు దొరికింది. దక్షిణాసియా వారిలో దానికి అలాంటి సంబంధం కనిపించలేదని సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2021లో చూపారు.

అయితే గ్రూపులకూ జబ్బులకూ అసలు సంబంధమే లేదనలేం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక ప్రొటీన్ ‘ఓ’ వారిలో దాదాపు పాతిక శాతం తక్కువ. రంపచోడవరం మన్యంలో భయపెట్టే ఫాల్సిపారం మలేరియా ‘ఓ’ వారిలో ప్రాణాంతకం కావడం తక్కువ. అదే ‘ఓ’ వారికి కలరా వస్తే తీవ్రత ఎక్కువ. ఏ గ్రూపూ అన్నింటికీ కవచం కాదు.

కొవిడ్‌లో అసలు తేడా తెచ్చింది వయసు. బ్రిటన్ లెక్కల ప్రకారం యాభైల్లో ఉన్నవారితో పోలిస్తే ఎనభై దాటిన వారికి మరణ ముప్పు ఇరవై రెట్ల పైమాటే. శాతాలు కాదు, రెట్లు! తర్వాత అదుపులో లేని షుగరు, కిడ్నీ జబ్బులు, ఊబకాయం, టీకా వేయించుకోకపోవడం. అందుకే గ్రూపు చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లను చూస్తే నాకు భయం. 2021 మేలో ఒకాయన ఎనిమిది రోజులు ఆయాసపడుతూ ఇంట్లోనే ఉండి, ఆక్సిజన్ 82కి పడిపోయాక వచ్చారు. షుగరు 380. ‘‘ఓ పాజిటివ్ కదండీ, తగ్గిపోద్దనుకున్నాం’’ అంది ఆయన భార్య. ఆక్సిజన్ అవసరమైన వారిలో డెక్సామెథాసోన్ మరణాలను తగ్గిస్తుందని అప్పటికే రుజువైంది. చవకైన మందు, ప్రభుత్వాస్పత్రుల్లో దొరికేదే. కానీ రోగి సమయానికి రావాలి కదా. ఆయన బతికారు, పదిహేడు రోజులు పట్టింది.

దగ్గు, జ్వరంతో పాటు ఆయాసం ఉన్నా, వేలికి పెట్టిన మీటరులో 94 కన్నా తక్కువ చూపిస్తున్నా గ్రూపు సంగతి వదిలేసి ఆస్పత్రికి రండి.

కొవిడ్ కాలంలో గ్రూపు నిజంగా అవసరమైంది ప్లాస్మా కోసం. దాత గ్రూపు కుదరాలి కాబట్టి రాత్రింబవళ్లు ఫోన్లు చేసుకున్నారు. ఐసీఎంఆర్ 464 మందిపై చేసిన పరీక్షలో దానివల్ల ప్రయోజనం కనిపించలేదు, 2021 మేలో ఆ చికిత్సను మార్గదర్శకాల నుంచి తీసేశారు.

మీ ఇంట్లో అందరి గ్రూపులూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, కానీ వేరే కారణాలకు. ముఖ్యంగా గర్భిణిది నెగెటివ్, భర్తది పాజిటివ్ అయితే మొదటి పరీక్షకు వచ్చినప్పుడే డాక్టరుకు చెప్పండి. ఏడో నెలలో ఒకసారి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటుంది.