తల్లి వ్యాధి కూతురి నొసట వ్రాసి ఉన్నదా?

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌తో ఒక ఇంట తల్లి కన్నుమూసినప్పుడు, ఆ ఇంటి ఆడపిల్లను గురించి రెండు మాటలు పుడతాయి. "ఆ వంశంలోనే ఉన్నదట" అని సంబంధానికి వచ్చినవారు వెనుకంజ వేస్తారు. "నొసటి వ్రాత తప్పునా" అని ఆ పిల్ల దవాఖాన గడప త్రొక్కకుండా ఉండిపోతుంది. ఈ మాటలలో నిజమెంతో శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఈ వ్యాధికి దాదాపు ఎల్లప్పుడూ మూలకారణం ఒక వైరస్. పులిపిరులు లేపే వైరస్‌ల జాతికే చెందిన దీనిని మానవ పాపిల్లోమా వైరస్ అంటారు. ఇందులో 16వ రకాన్ని ముఖద్వారపు క్యాన్సర్‌లో 1983లో గుర్తించినది జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం. ఈ కృషికి ఆయన 2008లో నోబెల్ బహుమానం పొందినాడు. స్త్రీపురుషుల కలయికవల్ల సంక్రమించే ఈ వైరస్ అతి సాధారణమైనది; సోకినంత మాత్రాన ఎవరి నడతనూ శంకించరాదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిగి 2005లో వెలువడిన ఒక పరిశోధనలో, క్యాన్సర్ లేని స్త్రీలలోనే ఇంచుమించు పదిమందికొకరిలో దీని ప్రమాదకరమైన రకాలు కనిపించినవి. అయితే అత్యధికుల శరీరం రెండేండ్లలోపుగా దానిని తానే అణచివేస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠవేసి, కణాలను మెల్లమెల్లగా మార్చి, పదిపదిహేనేండ్లకో అంతకు పైననో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఆ కొద్దిమంది ఎవరు? వంశపారంపర్యం పాత్ర ఇక్కడనే ఉన్నది. కణంలో వైరస్ చొరబడినప్పుడు, దాని తునకలను కణం తన ఉపరితలంమీదికి తెచ్చి రక్షకకణాలకు చూపుతుంది. దొంగ అడుగుజాడను కావలివానికి చూపుట వంటిదే ఇది. ఈ చూపే పనిని చేసే ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు ఆరవ క్రోమోసోములో ఉన్నవి. అవి అందరిలో ఒకే తీరున ఉండవు. కొందరిలో ఈ వైరస్ జాడ స్పష్టంగా చూపబడుతుంది; కొందరిలో అంత స్పష్టంగా చూపబడదు.

స్వీడన్‌లో జరిగి 1999లో ప్రకటితమైన పరిశోధన దీనికి సాక్ష్యం. ఈ వ్యాధిగాని దీని పూర్వావస్థగాని కలిగిన స్త్రీల కన్నతల్లులలోను, తోబుట్టువులలోను అదే వ్యాధి ఇతరులలోకంటె దాదాపు రెండింతలుగా కనిపించినది. పెంపుడు సంబంధాలలో అట్టి పెరుగుదల తేలలేదు. కనుక, కేవలం ఒక ఇంట పెరుగుటవల్ల కాక, రక్తసంబంధంవల్ల కూడ కొంత వస్తున్నదని తెలుస్తున్నది.

అయితే రెండింతలు అన్న మాటకు బెదరరాదు. కొద్ది రెట్టింపైనను కొద్దియే. తల్లినుండి రాగలది కావలి బలహీనతయే గాని వ్యాధి కాదు. పొగాకు కాల్చుట, హెచ్.ఐ.వి. సోకుట కూడ ఆ కావలిని బలహీనపరుస్తవి.

ఇక నివారణ మాట. పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో కరీంనగరంతోపాటు ఒక జిల్లాగా ఉండిన ఉస్మానాబాదులో, 30 మొదలు 59 ఏండ్ల వయసు గల 1,31,746 మంది గ్రామీణ స్త్రీలతో ఒక పరిశోధన జరిగినది. 2009లో ఫలితాలు వెలువడినవి. ఒకే ఒక్కసారి వైరస్ పరీక్ష జరిగిన గ్రామాలలో ఈ వ్యాధి మరణాలు, పరీక్ష జరుగని గ్రామాలతో పోల్చగా, సుమారు సగమైనవి. ఎవరి జన్యువులనూ వెదకకుండానే ఇది సాధ్యమైనది.

ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోను, 2016 నుండి సిద్దిపేట జిల్లాలోను ఉన్న హుస్నాబాద్ ప్రాంతపు సోదరీమణులకు మేము చెప్పదలచినది ఇదే. పూర్వావస్థలో నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు. పరీక్ష ఒక్కటే దానిని పట్టి ఇస్తుంది. సిర్కాలో ఉండే ఆమ్లాన్ని పలచగా చేసి ముఖద్వారానికి అద్దితే, మారిన చోటు నిమిషంలో తెల్లబడుతుంది. మన దేశపు నియమావళి ప్రకారం 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఈ పరీక్ష జరుగవలెను. మారిన భాగాన్ని శీతలీకరించిగాని వేడితోగాని తొలగించవచ్చును. ముట్లుడిగిన పిదప గాని, ముట్టుకు ముట్టుకు నడుమ గాని రక్తం కనిపిస్తే ఒక్క దినమైనా జాగుచేయరాదు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి ఉన్నది. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు టీకా వైరస్ సోకకముందే రక్షణనిస్తుంది. టీకా పొందినవారికిని పెద్దయిన పిదప పరీక్ష అవసరమే.

తల్లిని ఈ వ్యాధికి పోగొట్టుకొన్న కూతురు అందరికంటె ముందు పరీక్షకు పోవలసినది. ఆమెను వెలివేయుట కాదు, వెంటబెట్టుకొని తీసికొని పోవుట బంధువుల ధర్మం.