క్రొత్త యూరిలో కాపురము

ఇల్లు మారుట వేరు. ఊరు మారుట వేరు. ఇల్లు మారువారు సామానును మాత్రమే మోసికొని పోవుదురు. ఊరు మారువారు తమ యలవాటులను, మాటతీరును గూడ వెంట గొనిపోవుదురు. వానిలో కొన్ని క్రొత్తచోట పనికివచ్చును, కొన్ని పనికిరావు. ఏవి నిలుపుకొనవలెనో, ఏవి మార్చుకొనవలెనో తెలిసికొనువరకు ఆ యూరు మనది కాదు.

2011వ సంవత్సరపు జనగణన ప్రకారము మన దేశమున నూటికి ముప్పదియొక్కరు పట్టణవాసులు. లక్షమందికి తక్కువ గాక జనులున్న పట్టణమును ఆ లెక్కలలో నగరమందురు. అయినను నగరములన్నియు ఒక్క తీరున నుండవు. హైదరాబాదు వంటి మహానగరమున అరువది లక్షలకు పైబడి జనులున్నారు. అచ్చట ఒక కొననుండి మరియొక కొనకు పోయి వచ్చుటకు ఒక పూట పట్టును. పల్లెలో ననగా ప్రతివాడును ప్రతివానిని ఎరుగును. ఈ రెండింటికి నడుమ, మూడు నాలుగు లక్షల జనులు గల నగరములు కొన్ని కలవు. 2011 లెక్కలలో కాకినాడ, కడప, నిజామాబాదు, రాజమహేంద్రవరము అట్టివి. పల్లె విడిచిన కుటుంబములు పెక్కు తొలుత చేరునది ఇట్టి నగరములనే. నా బాల్యమునుండి నేనెరిగిన రాజమహేంద్రవరమును దృష్టాంతముగా గొని అచ్చటి జీవితమెట్టిదో వివరింతును.

1973లో, నేను ఎనిమిదవ తరగతి చదువు కాలమున, మా కుటుంబము కొవ్వూరు తాలూకాలోని చిన్న పల్లెను విడిచి ఆ నగరమునకు వచ్చినది. కౌలుసేద్యము గిట్టక మా తండ్రిగారు ఒక కలప అడితిలో గుమాస్తాగా కుదిరిరి. అప్పటికి గోదావరిపై రోడ్డు వంతెన లేదు. 1900 నాటి హేవలాకు వంతెనమీద రైళ్ళు మాత్రమే నడచుచుండెను. పైన బస్సులు, క్రింద రైళ్ళు నడచు వంతెన 1974లో గాని ప్రారంభము కాలేదు. మేము రెండు ట్రంకుపెట్టెలు, ఒక రోలు, మా నాయనమ్మ తులసికుండీ వెంట బెట్టుకొని కొవ్వూరు రేవున లాంచి యెక్కి నది దాటితిమి. ఆర్యాపురములో ఒక యింట రెండుగదుల వాటా అద్దెకు దొరకినది.

తొలిపాఠము నీటియొద్దనే నేర్చుకొంటిని. మా పల్లెలో నూతికి వేళయు లేదు, వరుసయు లేదు. మా వీధి కుళాయికి నీరు తెల్లవారుజామున వచ్చి ఎనిమిది గంటలకు ఆగిపోవుచుండెను. మొదటినాడు నేను తిన్నగా ముందునకు బోయి బిందె పెట్టితిని. వరుసలోనున్న యొక మామ్మగారు నా బిందెను ప్రక్కకు జరిపి, “అబ్బాయీ! మీ యూరి నూతిలో నీరు సాయంకాలమైనను ఉండును. ఇచ్చట నీవు ముందు పట్టుకొన్నచో, చివరనున్న యామె ఖాళీబిందెతో ఇంటికి పోవును” అనెను. ఆ చివరనున్న యామె చంకలో బిడ్డ నెత్తుకొని యుండెను. నాకు తల వంగిపోయినది. నగరమున దొరకు ప్రతి సౌకర్యమును పదిమంది పంచుకొనునది. వరుస యనునది అచ్చట మర్యాద మాత్రమే కాదు, న్యాయము.

రెండవది ఖర్చు. పల్లెలో పెరటిలోనుండి వచ్చునవన్నియు నగరమున అంగడినుండి రావలెను. కరివేపాకునకును, అరటియాకునకును డబ్బిచ్చి కొనవలసి వచ్చినప్పుడు మా తల్లి చాల నొచ్చుకొనెను. పంట వచ్చినప్పుడు చేతినిండుగ నుండి, తరువాత అప్పుతో గడుపుట మాకలవాటు. ఇచ్చట నెలకొకసారి జీతము. దానిలో అద్దె, పాలవాని లెక్క, కిరాణా పద్దు. మా తండ్రిగారు ప్రతిరాత్రియు చిన్న పుస్తకములో ఆనాటి ఖర్చు వ్రాసెడివారు. ఆ పుస్తకమే మా సంసారమును నిలిపినది.

అన్నిటికంటె కష్టమైనది ఒంటరితనము. మా పల్లెలో అరుగుమీద కూర్చున్నచో ఊరంతయు పలుకరించి పోయెడిది. నగరమున తలుపులు మూసియుండును. “ఇన్ని యిండ్లున్నవి, ఒక్కరైనను ‘అన్నము తింటివా’ అని యడుగరు” అని నాయనమ్మ కన్నీరు పెట్టుకొనెను. పట్టణమువారికి హృదయము లేదని నేనును నిశ్చయించుకొంటిని.

వానకాలమున ఒకరాత్రి, తండ్రిగారు పనిమీద పొరుగూరు పోయియుండగా, నాయనమ్మకు ఆయాసము హెచ్చి మాట పడిపోయినది. తల్లి భయపడి ప్రక్కయింటి తలుపు తట్టెను. తెరచినది కుళాయియొద్ద నన్ను మందలించిన మామ్మగారే! ఆమె మారు మాటాడక తన కుమారుని రిక్షాకై పంపెను. అతడు నాయనమ్మను ఎత్తి కూర్చుండబెట్టి, వానలో తడియుచు ఆసుపత్రికి తోడు వచ్చెను. వైద్యులు ప్రాణమునకు భయము లేదనువరకు అతడు కదలలేదు. ఇంట నాకును చెల్లెలికిని మామ్మగారే తోడు పండుకొనెను.

మరునాడు మా తల్లి చేతులు జోడించి నిలువగా మామ్మగారు, “అమ్మాయీ! మీరు వచ్చి మూడు నెలలైనది. ఒక్కనాడైనను మా గడప త్రొక్కితిరా? మీరు పలుకరింతురని మేము, మేము పలుకరింతుమని మీరు!” అని నవ్వెను. నాటినుండి నాయనమ్మకు ఆ యింటి మెట్లే అరుగైనవి.

దీనిలోని యంతరార్థమును నేను పెద్దవాడనైన పిదప గ్రహించితిని. పల్లెలో చుట్టరికము పుట్టుకతోడనే వచ్చును. నగరమున దానిని మనమే కలుపుకొనవలెను. అచ్చటివారు పరుల యింటి సంగతులలో తలదూర్చుట తప్పని తలంతురు. అందుచే పిలువనిదే రారు. పిలిచినచో రాక మానరు. కొందరు పిలిచినను రానివారుండవచ్చును. అట్టివారు పల్లెలో మాత్రము లేరా?

ఇక లాభముల మాట. మహానగరమున విద్యాసంస్థలు, గ్రంథాలయములు ఎన్నియో యుండును గాని, బీదబాలుడు వానిని చేరుట దుర్లభము. మధ్యరకపు నగరమున అవి నడక దూరములో నుండును. నేను సాయంకాలములందు గౌతమీ గ్రంథాలయమునకు కాలినడకనే పోయెడివాడను. నిండు ఇరువది యెనిమిదేండ్లయినను బ్రదుకని చిత్రకారుడు దామెర్ల రామారావుగారి చిత్రములను ఒక్కపైసా ప్రయాణవ్యయము లేక చూచితిని. కందుకూరి వీరేశలింగముగారు 1890లో కట్టించిన పురమందిరమున పెద్దల యుపన్యాసములు వింటిని. 1881లో ఆ మహనీయుడు తొలి వితంతువివాహము జరిపించినది ఈ యూరనే. ఊరివారు పెక్కురు ఎదిరించినను ఆయనకు తోడు నిలిచినవారును ఊరిలోనే దొరకిరి. క్రొత్త తలంపు గలవానికి పదిమంది తోడు దొరకుట నగరము చేయు మేలు.

నగరమున నుండువాడు దాని నీటిని గూర్చి యెరిగియుండవలెను. మనము త్రాగునది గోదావరి నీరే. వీధిలో పారవైచిన చెత్తయు మురుగుతో గలిసి కడకు ఆ నదివైపే పోవును. ధవళేశ్వరమున వరదను కొలుచుటకు మూడు ప్రమాదసూచికలు కలవు: 11.75 అడుగులు మొదటిది, 13.75 రెండవది, 17.75 మూడవది. వానకాలమున ఆ యూరివారు ఈ అంకెలను బట్టియే ప్రయాణములు నిశ్చయించుకొందురు. 1986 ఆగస్టులో మూడవ సూచికను దాటిన వరదలో, కోనసీమ లంకలనుండి కట్టుబట్టలతో వచ్చినవారిని చూచితిని. వారిని ముందుగా పలుకరించిన వారిలో ఒకప్పుడు మావలెనే క్రొత్తగా వచ్చినవారును ఉండిరి.

విద్యార్థులారా! మీలో కొందరు చదువుకొరకో, తల్లిదండ్రుల యుద్యోగము కొరకో ఊరు మారవలసి రావచ్చును. అప్పుడు పాఠశాలనుండి బదిలీపత్రమును జాగ్రత్తగా తీసికొనుడు. ఆధారు కార్డులోను, రేషను కార్డులోను క్రొత్త చిరునామా నమోదు చేయింపుడని పెద్దలకు జ్ఞాపకము చేయుడు. దగ్గరి ఆసుపత్రికి దారి తొలివారముననే తెలిసికొనుడు. ఇరుగుపొరుగువారిని మీరే ముందుగా పలుకరింపుడు. వారి ఫోను సంఖ్యలు గోడమీది క్యాలెండరుపై వ్రాసికొనుడు. విడిచివచ్చిన యూరిని మరువకుడు. కాని దానినే తలచుకొని క్రొత్త యూరిని నిందింపకుడు.

1979లో గోదావరి పుష్కరములు వచ్చినవి. నేను స్వచ్ఛందసేవకుడనై కోటగుమ్మముకడ యాత్రికులకు మంచినీరు పోయుచుంటిని. పల్లెనుండి వచ్చిన యొక ముసలాయన వరుస దప్పి ముందునకు రాగా, నేను మెల్లగా ఆయన చేయి పట్టి, “తాతగారూ! చివర బిడ్డతల్లి యున్నది. ఆమెకును నీరు మిగులవలెను గదా!” అంటిని. ఆయన వెనుకకు బోయి వరుసలో నిలిచి, తన వంతు వచ్చినప్పుడు నీరు త్రాగి, “బాబూ! నీది ఏ యూరు?” అని యడిగెను.

“ఈ యూరే” అని చెప్పితిని.