ఊహాలోకపు టాటలలో జాతిప్రశ్న

ఒక సంఘము తన బాలురకు బడిలో నేర్పు నీతులకంటె వారు విశ్రాంతివేళల నాడుకొను నాటలే యా సంఘముయొక్క యంతరంగమును స్పష్టముగ బయలుపరచుచుండును. అందువలననే, వినోదమాత్రమని పెద్దలు చిరునవ్వుతో త్రోసివేయు నొక విషయమును నేడు మేము పాఠకుల విచారమునకు దెచ్చుచున్నాము. పాశ్చాత్యదేశములలో నర్ధశతాబ్దికి పైగా వ్యాపించి, మన యువకులలో గూడ కొందరి నాకర్షించుచున్న యూహాలోకపు పాత్రధారణక్రీడలలో జాతులనెట్లు నిర్ణయింపవలెను, ఎంతటి వింతజాతిని పాత్రగా స్వీకరింపవచ్చును అను వివాదము చిరకాలముగ జరుగుచున్నది. అది పైకి పిల్లల తగవువలె గానవచ్చినను, దాని మూలమున పుట్టుకకును శీలమునకును గల సంబంధమెట్టిదను ప్రాచీనప్రశ్న దాగియున్నది.

ఆటయొక్క తీరు సులభమైనదే. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు సూత్రధారుడై లోకమును వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి చేయునో నోటితో జెప్పుదురు. సందేహము కలిగినచోట పలుముఖములుగల పాచికలు తీర్పుచెప్పును. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా పట్టణమున 1974వ సంవత్సరమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురి కృషిచే వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ క్రీడలకు మూలపురుషుని వంటిది.

ఆ తొలి నిబంధనలను జూచినవారి కొక విశేషము తోపకమానదు. మానవుడు ఎన్ని మెట్లైన నెక్కవచ్చును. డ్వార్ఫ్ అను మరుగుజ్జుజాతివాడు మాత్రము యోధుడుగ 6వ మెట్టుతో నాగిపోవలెను. హాబిట్ అను చిన్నజాతివాడు 4వ మెట్టు దాటరాదు. ఎంతటి సాహసము చేసినను, ఎంతటి ధనము గడించినను, వానికి పైమెట్టు నిషిద్ధము. 1981వ సంవత్సరపు ప్రాథమికగ్రంథమున నీ కట్టుబాటు మరియొక రూపము దాల్చినది. అందు మానవుడు తన వృత్తిని తానెన్నుకొనును. డ్వార్ఫ్‌కును ఎల్ఫ్‌కును పుట్టుకయే వృత్తి. జన్మముచే వృత్తి నిర్ణయమగుటయు, రంగునుబట్టి పదవి నిరాకరింపబడుటయు నెట్టివో యనుభవపూర్వకముగ నెరిగిన మనకీ నిబంధనల యర్థము వేరొకరు చెప్పనక్కరలేదు. మానవుడే లోకమునకు కేంద్రముగ నుండవలెనని గైగాక్స్ సమర్థించుకొనెను. ఆటగాండ్రు మాత్రము తమ యిండ్లలో నా హద్దులను పలుమారు తుడిచివేయుచునే వచ్చిరి. తుదకు 2000వ సంవత్సరపు మూడవ కూర్పున నవి గ్రంథమునుండియే తొలగిపోయినవి.

చిత్రమేమనగా, ఆ 1974 నాటి గ్రంథమే మరియొకచోట, ఆటగాడు కోరినచో దాదాపు నేజీవియైన గావచ్చుననియు, డ్రాగను కాగోరువాడు బలహీనమైన పిల్లడ్రాగనుగా నారంభింపవలెననియు ననుజ్ఞ యిచ్చినది. ఈ యనుజ్ఞనుండియే వింతజాతుల సంతతి పెరిగినది. వీనిని నిరసించువారి యాక్షేపణలు రెండు. బల్లచుట్టు కూర్చున్నది వీరబృందమో జంతుప్రదర్శనమో తెలియకుండ పోవుననుట మొదటిది. కొమ్ములను, రెక్కలను దగిలించుకొన్న యాటగాడు మాటలలోను చేతలలోను తానుగనే మిగిలిపోవుననుట రెండవది. మొదటిదానిని మేమంగీకరింపజాలము. రెండవదానిలో సత్యమున్నది. వేషము మారి పాత్ర మారనిచో నది పగటివేషమే కాని ప్రవేశము కాదు.

కాబట్టి వింతజాతికి పరీక్ష దాని రూపమున గాక దాని జీవితమున నుండవలెను. 1991వ సంవత్సరమున వెలువడిన ‘డార్క్ సన్’ అను మరులోకమున థ్రీ-క్రీన్ లను జాతి గలదు. వారు కీటకములవంటివారు, నాలుగుచేతులవారు. వారు నిద్రింపరు. వారి యాయుర్దాయము సుమారు 30 సంవత్సరములు. తోడివారు దినమున మూడవవంతు కాలమును మృత్యువువలె పడియుండుట చూచి యట్టి జీవి యేమనుకొనును? ముప్పదియేండ్లలో ముగియు బ్రతుకునకు స్నేహమనగా నేమి, ఆలస్యమనగా నేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినవాడు తన బ్రతుకును గూడ క్రొత్తకన్నులతో జూచును.

2004వ సంవత్సరమున ప్రకటితమైన ‘ఎబెరాన్’ లోకమందలి వార్‌ఫోర్జ్డ్ జాతియు నట్టిదే. కొయ్యతోను లోహముతోను యుద్ధముకొరకే నిర్మింపబడిన యా సచేతనులు, ఒక శతాబ్దము సాగిన సంగ్రామము ముగియగనే సంధిపత్రముచే స్వతంత్రులుగ ప్రకటింపబడిరి. అన్నపానముల నెరుగని వారికి స్వేచ్ఛ లభించినది. దానితో నేమి చేయవలెనో యెవరును నేర్పలేదు. పరుల ప్రయోజనమునకై రూపొందింపబడినవాడు స్వప్రయోజనమును కనుగొనుటకంటె గంభీరమైన యితివృత్తము మరియేమున్నది?

హాస్యజాతియని పేరుపడినదానియందు గూడ నీ గాంభీర్యము నిలువవచ్చును. 1978వ సంవత్సరపు ‘రూన్‌క్వెస్ట్’ క్రీడలో, గ్రెగ్ స్టాఫర్డ్ కల్పించిన గ్లొరాంథా లోకమున, మనుష్యులవలె మాటాడు బాతులు గలవు. వీనిని జూచి నవ్వనివారు లేరు. కాని యా లోకమున లూనార్ సామ్రాజ్యముపై తిరుగుబాటు జరిగినప్పుడు, దాని దోషమంతయు నల్పసంఖ్యాకులగు బాతులపై మోపబడి, వారి తలలకు వెలకట్టి వేటాడిరి. సామ్రాజ్యములు బలహీనుల నెట్లు బలిపశువులను జేయునో యీ బాతుకథ నేర్పినట్లు పెక్కు పాఠ్యపుస్తకములు నేర్పజాలవు.

ఇక నీ యాటలలోని నిజమైన దోషము వింతదనమున గాక విధివాదమున నున్నది. ఓర్క్ అనగా పుట్టుకతోడనే దుష్టుడు, మందబుద్ధి. వానిని జంపుట పాపము కాదు అను భావము చాలకాలము చెల్లుబడియైనది. ఇట్టి మాటలు నరజాతులగూర్చియు నొకప్పుడు వ్రాయబడినవని జ్ఞప్తియున్నవారికి నిది నిరపాయమైన కల్పనగ దోపదు. 2022వ సంవత్సరమున ‘స్పెల్‌జామర్’ గ్రంథమున హాడోజీ లను వానరాకారజాతిని, ఒక మాంత్రికుడు పట్టి బంధించి బానిససైన్యముగ నమ్మజూచినట్లు వర్ణించిరి. అది నల్లజాతివారిపై చల్లబడిన పూర్వపు నిందలను దలపించుచున్నదని విమర్శ చెలరేగగా, ప్రకాశకులగు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు క్షమాపణ చెప్పి యా భాగమును తొలగించిరి. ఆ సంవత్సరముననే వారు ‘రేస్’ అను పదమును విడిచి ‘స్పీషీస్’ అను పదమును గ్రహింపనున్నట్లు ప్రకటించిరి. 2024వ సంవత్సరపు ఆటగాండ్ర గ్రంథమున నదియే యమలులోనికి వచ్చినది. అందు ఓర్క్ సైత మాటగాని పాత్రగ స్థానము పొందినాడు. ఇంగ్లీషువారు వేరుచేసిన యీ రెండు పదములకును మనభాషలో ‘జాతి’ యను నొక్కమాటయే చాలును. పేరు మార్చుట సులభము. భావము మారుటయే ఫలము.

మన పురాణజీవులును ఈ క్రీడలలో చేరియున్నారని పాఠకు లెరుగుదురుగాక. 1977వ సంవత్సరపు భూతకోశమున రాక్షసుడు పులితలవాడై, స్వభావతః దుష్టుడై కానవచ్చును. 2012వ సంవత్సరపు ‘పాత్‌ఫైండర్’ జాతిగ్రంథమున వానరుడును విషకన్యయు నాటగాండ్రు ధరింపదగిన పాత్రలుగ నున్నారు. పేరు నెరవు దెచ్చుకొనుటచే మాకు కోపములేదు. కథను విడిచి పేరునుమాత్రము గైకొనుటయే లోపము. మన కవులు రాక్షసకులమున విభీషణుని, దైత్యకులమున ప్రహ్లాదుని బుట్టించి, కులము శీలమును నిర్ణయింపదని యేనాడో చాటిరి. భీమునకు హిడింబయందు జనించిన ఘటోత్కచుని 1957వ సంవత్సరపు ‘మాయాబజార్’ చిత్రమున యస్.వి. రంగారావు ధరింపగా, తెలుగువారిలో నతనిని భూతమని భయపడినవా డెవడు? ఇంటిబిడ్డయని మురిసినవారే యందరును.

ఘటోత్కచునివంటి మిశ్రజన్ములకే 2024 నాటి గ్రంథమున ప్రత్యేకస్థానము లేకపోవుట మాకు విచారకరముగ నున్నది. సగము ఓర్క్, సగము ఎల్ఫ్ అను పాత్రలు వెనుకటి కూర్పులలో నుండెడివి. రెండు కులములకును చెందియు నేకులమునకును చెందక నలిగిన వానిచేతనే జాతిప్రశ్న పూర్తిగ నడుగబడును. నిందకు వెరచి యట్టి పాత్రను తొలగించుటకంటె, గౌరవముతో దిద్దితీర్చుట మేలు.

దేహభేదముల నుండనిండు, శీలమును పుట్టుకకు గట్టివేయు త్రాటిని తెంపుడు. నిద్రలేనివాడు నిద్రలేనివాడుగనే యుండుగాక; వాడు మంచివాడో చెడ్డవాడో వాని చేతలు చెప్పవలెను. మన యువకు లీ యాటలాడుదురేని, పరాయిజాతి వేషము ధరించు నా రెండుగడియలు నా జాతి కష్టసుఖములను నిజముగ మోయుదురుగాక. బల్లమీద నభ్యసించిన యా సహానుభూతి వీధిలోనికి గూడ వారివెంట నడచి వచ్చినయెడల, ఆట వ్యర్థకాలక్షేపమను నింద తనంత దానే తొలగిపోవును.